రోతకు విరుగుడు

కొత్త బెడ్‌పాన్, మంచం పట్టిన రోగుల కింద పెట్టేది. అప్పుడే కవరు చింపి తీసింది, ఎవరూ వాడనిది. అందులో చల్లటి ఆపిల్ రసం పోసి, ఒక స్ట్రా వేసి, "తాగండి" అని చేతికిస్తాం. మా ప్రయోగంలో మొదటి మెట్టు అదే. రసం మంచిదని వాళ్ళకి తెలుసు. పాత్ర శుభ్రమైనదని తెలుసు. తాగితే ఏమీ కాదనీ తెలుసు. అయినా నూటికి తొంభై మంది తాగరు. మొహం పక్కకి తిప్పేస్తారు. ముక్కు ముడుచుకుంటుంది, పై పెదవి కాస్త లేస్తుంది. ఫ్రాన్స్‌లోనైనా, మా యానాంలోనైనా ఆ ముడత ఒకటే.

తర్వాత మా మందు ముక్కులో ఒక్కసారి కొడతాం. కాసేపు ఆగి అదే బెడ్‌పాన్ మళ్ళీ ఇస్తాం. హాయిగా తాగేస్తారు. ఒకాయన ఇంకాస్త ఉందా అని కూడా అడిగాడు.

మందు పేరు లెజే. ఫ్రెంచిలో తేలిక అని అర్థం. మెదడులో రోత పుట్టించే చోటు ఒకటుంది. లెజే దాన్ని రెండు గంటల పాటు నిద్రపుచ్చుతుంది. భయం ఎక్కడికీ పోదు, కోపం పోదు, తెలివి అసలే పోదు. రోత ఒక్కటే ఉండదు. లీల్ నగరంలోని మా ప్రయోగశాలలో దీన్ని తయారుచేసింది నేను. అప్పట్లో ఈ మాట చెప్పుకోవడానికి నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మొదట క్యాన్సర్ వార్డులో వాడాం. దెవోస్ అనే ముసలాయన ఉండేవాడు. ఆయన భార్యకి నోట్లో పుండు. ఆ వాసన భరించలేక ఆయన రోజూ వార్డు గుమ్మం దాకా వచ్చి, చేతిలోని పూలు నర్సుకిచ్చి, ఏడుస్తూ వెళ్ళిపోయేవాడు. లెజే కొట్టించి లోపలికి పంపాం. మంచం మీద కూర్చుని, ఆవిడ గడ్డం తుడుస్తూ, చెంచాతో సూప్ పట్టాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. అది చూసి నేను మెట్ల దగ్గరికి పోయి కూర్చుని ఏడ్చాను. ఇంకేం కావాలి ఒక మనిషి బతుక్కి అనుకున్నాను.

నా ఏడుపుకి ఇంకో కారణం ఉంది. అది మా ప్రయోగశాలలో ఎవరికీ తెలిసేది కాదు. నా పేరు మాణిక్యాంబ. మాది యానాం. ఆ ఊరు ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళది. భారతదేశానికి అప్పగించినప్పుడు, కావాలనుకున్న వాళ్ళు ఆరు నెలల్లోగా ఒక కాగితం మీద సంతకం పెట్టి ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చన్నారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన మా తాత, అమ్మ వాళ్ళ నాన్న, పెట్టాడు. ఎందుకు పెట్టావు తాతా అంటే, "బారకాసుల్లో అందరికీ ఒకటే బంతి అమ్మా, పక్కనోడు లేచిపోడు" అనేవాడు. మా నాన్న కూడా ఆ సైన్యంలోనే చేశాడు. నేను ఇక్కడ ఫ్రాన్స్‌లోనే పుట్టాను. చిన్నప్పుడు సెలవులకి యానాం వెళ్ళినప్పుడు, గట్టుకి అవతల ఊరి కొట్లో మా మామ్మ ఇచ్చిన చిల్లర మీద ఆ కొట్టాయన నీళ్ళు చల్లి, అప్పుడు గల్లాపెట్టెలో వేసుకోవడం కళ్ళారా చూశాను. ఆయన మొహంలోని ఆ ముడత నాకు ఇప్పటికీ గుర్తే. కోపం కాదు, పగ కాదు. వట్టి రోత.

అందుకని లోకంలోని చెడుకి మూలం రోతే అని తేల్చుకున్నాను. రోత పోతే మనిషి పక్కన మనిషి కూర్చుంటాడు అనుకున్నాను. ఈ పొరపాటు మాలాంటి వాళ్ళే చేయగలరు. ఎదుటివాళ్ళ రోతకి గురైనవాళ్ళకి అది కత్తిలాగే కనిపిస్తుంది. దానితో కాపలా కూడా కాయవచ్చన్న ఆలోచన కలలోకి కూడా రాదు.

ఆ వసంతంలో దేశాధ్యక్షుడి ఎన్నికలు వచ్చాయి. ఇక్కడ రెండు విడతలు. మొదటి విడతలో డజను మంది నిలబడతారు, పై ఇద్దరే రెండో విడతకి మిగులుతారు. ఆ ఇద్దరిలో ఒకడు కరడుగట్టిన జాతీయవాది అయినప్పుడల్లా, మిగతా పార్టీల వాళ్ళంతా తమ తగాదాలు మానేసి, రెండోవాడు ఎంత నచ్చకపోయినా ముక్కు మూసుకుని అతనికే ఓటేస్తారు. దీన్ని వీళ్ళు ఆనకట్ట అంటారు. రెండో విడతలో అలాంటివాడు గెలవగలడా అని టీవీల్లో తెగ చర్చలు జరిగేవి. గెలవలేడు, ఆనకట్ట ఉంది అని చర్చ ముగించి నవ్వుకుంటూ లేచేవాళ్ళు.

ఈసారి నవ్వు లేదు. మొదటి విడతలో కస్తెల్ ముందుకొచ్చాడు. చక్కగా దువ్విన తల, మెత్తటి గొంతు. వలస రాజ్యాల నుంచి కాగితం మీద వచ్చిన పౌరసత్వాలన్నీ తిరగదోడతానని వాగ్దానం చేశాడు. "కాగితపు ఫ్రెంచివాళ్ళు" అన్నది అతని మాటే. నేను ఇక్కడ పుట్టాను కాబట్టి నా జోలికి రారట. మా అమ్మ వరాలమ్మ యానాంలో పుట్టింది. ఆవిడ పౌరసత్వమంతా తాత పెట్టిన ఆ ఒక్క సంతకం మీదే ఉంది. కస్తెల్ గెలిస్తే అమ్మ ఈ దేశంలో ఎవరూ కాదు. ఆ ఎన్నికలో నాకు పట్టిన సంగతి అదొక్కటే.

రెండో స్థానంలో మదాం ఫోర్జే మిగిలింది. ఆవిడ హోంమంత్రిగా ఉన్నప్పుడు పింఛను వయసు పెంచడం మీద పెద్ద సమ్మె జరిగింది. నా భర్త బ్రూనో బడిపంతులు, చరిత్ర చెబుతాడు. ఊరేగింపులో పిల్లల్ని పక్కకి తప్పిస్తుంటే పోలీసుల రబ్బరు గుండు తగిలి అతని ఎడమ కన్ను పోయింది. మర్నాడు టీవీలో ఫోర్జే, పోలీసులు సంయమనం పాటించారని చెప్పింది.

ఫలితాలు వచ్చిన మర్నాడు భోజనాల దగ్గర బ్రూనో తేల్చి చెప్పేశాడు.

"నేను ఎవరి పేరూ పెట్టకుండా ఖాళీ కవరు పెట్టెలో వేస్తాను మానీ. ఆవిడకి వెయ్యలేను."

"అమ్మ సంగతి తెలుసుగా."

"తెలుసు. నిన్నంతా నాకు నేను నచ్చచెప్పుకున్నాను. ఆవిడ పేరున్న కాగితం చేత్తో పట్టుకోవడం తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోంది. నేనేం చెయ్యను?"

అమ్మకి ఫ్రెంచి అర్థమవుతుంది కానీ కంగారుగా మాట్లాడితే అందదు. "ఏటంటన్నాడే అల్లుడు?" అంది.

చెప్పాను. అమ్మ చేపల పులుసు గిన్నె అతని ముందుకి జరిపి నవ్వింది.

"దానికింత బాధెందుకే? నీ కాడ మందుంది కదా! ఓపాలి ముక్కులో కొట్టేసి తోలు. ఆసుపత్రిలో రోగాలోళ్ళకేనేంటి, ఇంట్లో అల్లుడికి పనికిరాదా?"

బ్రూనోకి ఫ్రెంచిలో చెబితే అతనూ నవ్వాడు. ముగ్గురం నవ్వాం. ముందుగా నవ్వు ఆపింది నేనే.

దేశంలో బ్రూనో లాంటి వాళ్ళు లక్షల్లో ఉన్నారు. టీచర్లు, రైల్వేవాళ్ళు, నర్సులు. కస్తెల్ అంటే అసహ్యం, ఫోర్జే అన్నా అసహ్యమే. ఆనకట్ట కూలుతున్నది వీళ్ళ దగ్గరే. కస్తెల్‌ని ఆపడానికి వెలిసిన కమిటీకి ఫోన్ చేశాను. మధ్యాహ్నానికల్లా ఒక మనిషి కారేసుకుని వచ్చేశాడు. రెండు విడతల మధ్య ఉండేది రెండు వారాలే. ఒక్క ప్రయోగానికి టైముంది.

ఖాళీ కవరు వేస్తామన్న వాళ్ళని కొంతమందిని పిలిపించాం. స్కానర్‌లో పడుకోబెట్టి ఫోర్జే ఫోటో చూపించాం. తెర మీద ఆ చిన్న చోటు, బెడ్‌పాన్‌ని చూసినప్పటి కంటే ఎక్కువగా వెలిగింది. లెజే కొట్టాక అదే ఫోటో చూపిస్తే ఆరిపోయింది. బయటికొచ్చాక ఎవరికి వేస్తారని అడిగాం. మూడొంతుల మంది భుజాలు ఎగరేసి, "ఫోర్జేకే వేస్తాంలెండి, ఏముంది అందులో" అన్నారు. కమిటీ మనిషి నన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు.

మా ప్రయోగశాల పెద్ద ఒదీల్. జుట్టు నెరిసిన మనిషి, తక్కువ మాటలు. ఆవిడ తెర ముందు నుంచి లేవలేదు.

"రెండో ఫోటో ఏదీ?" అంది.

"ఎవరిది?"

"కస్తెల్‌ది. మందు కొట్టక ముందూ, కొట్టాకా."

"వీళ్ళు చచ్చినా అతనికి వెయ్యరు ఒదీల్. టైము లేదు."

"చచ్చినా వెయ్యరు, సరే. ఎందుకు వెయ్యరు?"

"అదేం ప్రశ్న? వాడు..." అని ఆగిపోయాను. నోటికి వచ్చిన మాట రోత పుట్టిస్తాడు అని. కిటికీ కింద కమిటీ మనిషి కారు హారన్ కొడుతోంది. ఆవిడ నా కళ్ళలోకి చూస్తూనే ఉంది. నేను ఫైలు తీసుకుని మెట్లు దిగాను.

ఊరూరా మందుల షాపుల్లో లెజే ఉచితంగా పంచారు. నీలం రంగు చిన్న సీసా, అరచేతిలో దాక్కునేంత. పోస్టర్ల మీద బట్టల క్లిప్పు పెట్టుకున్న ముక్కు బొమ్మ. "రెండు గంటలు ఓర్చుకోండి, ఐదేళ్ళు కాపాడుకోండి" అని రాశారు. కస్తెల్ మనుషులు మొదట పగలబడి నవ్వారు. ఫోర్జేకి ఓటెయ్యాలంటే మందు పుచ్చుకోవాలట అని పాటలు కట్టారు. కానీ వారం చివర్లో టీవీ చర్చలో కస్తెల్ నవ్వలేదు. కెమెరాలోకి చూసి మెత్తగా చెప్పాడు.

"మేమంటే మీకు చిన్నప్పటి నుంచి ఒక చెడ్డ వాసన అలవాటు చేశారు. తప్పు మీది కాదు. ఆ సీసా ఉచితమే కదా, తీసుకోండి. కొట్టుకున్నాక నా కాగితం కూడా ఒకసారి చదవండి. అంతే నేను అడిగేది."

మా ప్రయోగశాలలో ఒదీల్‌కి తప్ప ఎవరికీ తట్టనిది, నోరు తప్ప ఏమీ లేని ఆ మనిషికి తట్టింది. వెంటనే ఒదీల్‌కి ఫోన్ చేశాను. "చూశాను" అని పెట్టేసింది. అప్పటికే సీసాలు ఇల్లిల్లూ చేరిపోయాయి. ఎవరు వెనక్కి తీసుకుంటారు? కమిటీ మనిషి మాత్రం, కస్తెల్ ఓడిపోతున్నాడు కాబట్టే బతిమాలుతున్నాడని సంబరపడ్డాడు.

ఆదివారం మా వీధి బడిలో పోలింగ్. అమ్మ ఉప్పాడ చీర కట్టుకుంది. ఓటు వేయడమంటే ఆవిడకి పండగే. ఇక్కడ కవరు పెట్టెలో పడగానే అధికారి మన పేరు గట్టిగా చదివి, "ఓటు వేశారు!" అని అరుస్తాడు. ఆ అరుపు కోసమే వెళుతున్నట్టు వెళ్ళేది. "కలట్రాఫీసులో కూడా నా పేరు ఇంత గట్టిగా సదవలేదే ఎవురూ" అనేది.

బడి గేటు దగ్గర బ్రూనో సీసా తీసి ముక్కులో కొట్టుకున్నాడు. చుట్టూ చాలామంది అదే పని చేస్తున్నారు. తుమ్ములు, నవ్వులు. క్యూ కదిలేసరికి అందరూ నెమ్మదించారు. అంత మర్యాదైన పోలింగ్ నేను ఎన్నడూ చూడలేదు. కస్తెల్ బ్యాడ్జీ పెట్టుకున్నవాడూ, ఎర్రజెండా యూనియన్ వాడూ ఒకే కాఫీ కప్పు అటూ ఇటూ మార్చుకుని తాగుతున్నారు. అది చూసి మా మామ్మ గుర్తొచ్చి నాకు గర్వమేసింది కూడా. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

బల్ల మీద రెండు పేర్ల కాగితాలు దొంతర్లుగా ఉంటాయి. రెండూ తీసుకుని తెర చాటుకి వెళ్ళాలి. ఒకటి కవర్లో, రెండోది అక్కడి చెత్తబుట్టలో. బ్రూనో తెర వెనక చాలాసేపు ఉన్నాడు. కింద అతని బూట్లు కదలకుండా కనిపిస్తున్నాయి. బయటికి వచ్చినప్పుడు మొహం ప్రశాంతంగా ఉంది. కన్ను పోయిన దగ్గర్నుంచి అతనిలో అంత ప్రశాంతత చూడలేదు. ఫోర్జేకి వేశాడని నా మనసు తేలికపడింది.

అమ్మ పేరు చదివి అధికారి అరిచాడు. అమ్మ తల పైకెత్తి అందరికీ దణ్ణం పెట్టింది.

సాయంత్రం ఎనిమిదింటికి టీవీలో గెలిచినవాళ్ళ బొమ్మ వేస్తారు. కస్తెల్ బొమ్మ వచ్చింది. కొంచెంలో కూడా కాదు, బాగానే గెలిచాడు. అమ్మ సోఫాలో ముందుకి వంగి, టీవీ పాడైందేమో అన్నట్టు చూసింది. బ్రూనో ఒక్కడే మామూలుగా ఉన్నాడు. ఇంటికొచ్చాక కూడా పడుకునేదాకా మళ్ళీ మళ్ళీ కొట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

"ఎవరు వేశారు వీడికి?" అన్నాను. ఎవరినీ ఉద్దేశించి కాదు.

"నేను వేశాను" అన్నాడు బ్రూనో.

నాకు సరిగా వినపడలేదనుకున్నాను.

"అబద్ధం చెప్పాల్సిన పని కనిపించలేదు మానీ, అందుకే చెబుతున్నాను. రెండు కాగితాలూ చేతిలో పెట్టుకుని చూశాను. ఫోర్జే మీద అసహ్యం లేదు. అది నువ్వు చెప్పినట్టే జరిగింది. కస్తెల్ మీద కూడా లేదు. ఇద్దరి పథకాలూ కొత్త ఫ్రిజ్ కొనేటప్పుడు చూసుకున్నట్టు పక్కపక్కన పెట్టి చూశాను. పింఛను వయసు అరవైకి తగ్గిస్తానన్నాడు. ఊళ్ళల్లో బళ్ళు మూయనన్నాడు. ఆవిడ కాగితంలో అవేమీ లేవు. లెక్క అతని వైపు తేలింది."

"మరి అమ్మ?"

"గుర్తుంది. మర్చిపోలేదు." నిజాయితీగా గుర్తు చేసుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగాడు. "కానీ అదొక అంశంగా కనిపించింది. చాలా అంశాల్లో ఒకటి."

నేను అతన్ని కొట్టాను. నా జీవితంలో మనిషిని కొట్టడం అదే మొదలు. అతను చెంప తడుముకుని, "నీ కోపం నాకు అర్థమవుతోంది" అన్నాడు. దానికి ఇంకా ఒళ్ళు మండింది.

అమ్మకి అంతా అందలేదు గానీ అందాల్సినంత అందింది. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు పొద్దున స్నానాల గదిలో వాంతుల చప్పుడుకి లేచాను. బ్రూనో నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. మందు దిగిపోయింది. తను చేసిన పని రాత్రంతా ఆగి ఒక్కసారిగా అతని మీద పడింది. తల నా వైపు తిప్పకుండా, "నేను కాదు మానీ, అది నేను కాదు" అంటున్నాడు.

"నువ్వే" అన్నాను. "భయం పోలేదు, తెలివి పోలేదు. అన్నీ ఉన్నాయి నీకు. అన్నీ ఉండి వేశావు."

మాట అతనితో అన్నాను గానీ నాకూ అంతే తగిలింది. రోత అన్నది మనిషి మీద అంటుకున్న మురికి అనుకున్నాను ఇన్నాళ్ళూ, కడిగేస్తే లోపల మంచి మనిషి ఉంటాడని. కడిగాను. లోపల లెక్కలు వేసుకునేవాడు ఉన్నాడు.

ఆ సోమవారం దేశంలో ఎన్ని స్నానాల గదుల్లో అదే చప్పుడో ఎవరూ లెక్క పెట్టలేదు. లెజే అమ్మకాలు మాత్రం తెలిశాయి. ఎన్నికలకి ముందు ఉచితంగా ఇచ్చినా తీసుకోని వాళ్ళు కూడా ఎన్నికలయ్యాక డబ్బిచ్చి కొనుక్కున్నారు. చేసింది తలుచుకుని బతకలేక, తలుచుకున్నా ఏమీ అనిపించని మందు వాడారు. బ్రూనో కూడా అంతే. పొద్దున లేవగానే అమ్మ ఎదురుపడితే గోడకి అతుక్కుపోయి తల దించుకునేవాడు. ఒకసారి కొట్టుకున్నాడంటే ఎప్పటిలా వచ్చి పక్కన కూర్చుని, "అత్తా, పులుసు బాగుంది" అని తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ మాట్లాడేవాడు.

"సిగ్గుతో నక్కి నక్కి తిరిగేవోడే మన అల్లుడే మాణిక్యం" అంది అమ్మ ఒకరోజు. "ఈ నవ్వేవోడెవుడో నాకు తెలీదు. ఈడికి నేను కూడెట్టను."

మందు మానెయ్యమని అడిగాను. కాళ్ళావేళ్ళా పడ్డాను. రెండు రోజులు మానాడు. మూడో రోజు వంటింట్లో కత్తి దగ్గర నిలబడి ఉన్న తీరు చూసి నేనే సీసా తీసి ఇచ్చాను. ఎండాకాలం సెలవుల్లో నేనూ అమ్మా ఊరి చివర రెండు గదుల ఇంట్లోకి మారిపోయాం. సామాన్లు కిందికి మోసింది బ్రూనోనే. చక్కగా, ఏ గిన్నె విరగకుండా, వ్యాను డ్రైవర్‌తో జోకులేస్తూ మోశాడు.

ప్రయోగశాలలో ఒదీల్ అప్పటికే రాజీనామా చేసి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మందు హక్కులు ఒక కంపెనీకి ముందే అమ్మేశాం కాబట్టి మా చేతుల్లో ఏమీ లేదు. కొత్త ప్రభుత్వం ఆ కంపెనీకి పెద్ద ఆర్డరు ఇచ్చింది. పోలీసులకి, విమానాశ్రయాల సిబ్బందికి, పౌరసత్వాల కౌంటర్లలో కూర్చునే గుమాస్తాలకి. కొత్త చట్టం అమలు చేస్తుంటే వాళ్ళల్లో చాలామందికి నిద్ర పట్టడం లేదట, సెలవులు పెట్టేస్తున్నారట. ఉద్యోగుల ఆరోగ్యం దృష్ట్యా అని ఉత్తర్వులో ఉంది. మర్నాడే నేనూ రాజీనామా చేశాను. దాని వల్ల ఎవరి పనీ ఆగలేదు.

చలి మొదలయ్యాక అమ్మకి ప్రిఫెక్చర్ నుంచి పిలుపు వచ్చింది. ప్రిఫెక్చర్ అంటే మన కలెక్టరేట్ లాంటిది. అమ్మ ఆ రోజూ ఉప్పాడ చీరే కట్టుకుంది, పైన నాన్న పాత సైనిక కోటు వేసుకుంది. హాలు నిండా మాలాంటి వాళ్ళే. పాండిచ్చేరి వాళ్ళు, కారైకాల్ వాళ్ళు, ఇంకా ఏయే దేశాల వాళ్ళో. ఒక్క గొంతు లేవడం లేదు. లేవాల్సిన అవసరం లేకుండా, కౌంటర్లలో ఉన్నవాళ్ళు అంత మంచిగా మాట్లాడుతున్నారు.

మా నంబరు వచ్చింది. కౌంటర్ వెనక పాతికేళ్ళ అమ్మాయి. కల్మషం లేని మొహం, అందమైన పలువరస. పెన్నుల కప్పు పక్కన నీలం సీసా. అమ్మ కూర్చోవడానికి కుర్చీ తనే లేచి వచ్చి సర్దింది.

"మీ నాన్నగారి సంతకం ఉన్న అసలు కాగితం దొరకలేదండీ. నకలు చెల్లదు. కాబట్టి మీ గుర్తింపు కార్డు ఈ రోజు తీసుకుంటాను. మూడు నెలలు ఉండడానికి ఒక చీటీ ఇస్తాను. ఆ లోపల మీరు విదేశీయురాలిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అనుమతి రాకపోతే ఇండియాకి ప్రయాణం ఏర్పాట్లు మేమే చూస్తాం, మీరు ఖర్చు పెట్టక్కర్లేదు."

నేను తెలుగులో చెప్పాను. అమ్మ కోటు మీద చెయ్యి వేసి చూపించింది.

"మా ఆయన ఆఫ్రికాలో ఆ సాద్ దేశంలో ఈళ్ళ కోసం తుపాకి గుండు తిన్నాడని సెప్పవే. సగం ఊపిరితిత్తితో బతికేడని సెప్పు."

చెప్పాను.

"అవునండీ, ఫైల్లో ఉంది" అంది ఆ అమ్మాయి. "చాలా గొప్ప సేవ." మాట అంటూనే కత్తెర తీసి అమ్మ కార్డుని మూల నుంచి మూలకి కత్తిరించింది. చేతులు వణకలేదు. కళ్ళు పక్కకి తిరగలేదు. రెప్ప కూడా వాలలేదు. రెండు ముక్కల్నీ ఒక కవర్లో పెట్టి అంటించింది.

అమ్మ ఆ పిల్ల మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. కొంచెం ముడత కోసం, కొంచెం ఇబ్బంది కోసం, ఏదో ఒకదాని కోసం వెతుకుతోంది. నాకు తెలుసు అక్కడ ఏమీ దొరకదని.

"ఓలమ్మా, నీకేం అనిపించట్లేదా?" అంది అమ్మ, తెలుగులోనే, తిన్నగా ఆ పిల్లనే అడుగుతూ.

అమ్మాయి నవ్వి, తర్జుమా కోసం నా వైపు చూసింది.

అమ్మ కుర్చీలోంచి లేచింది. బల్ల మీదకి వంగి ఉమ్మేసింది. పెద్దకులాల వాళ్ళు నడిచే వీధిలో ఉమ్మకూడదని పుట్టినప్పటి నుంచి భయం చెప్పి పెంచిన మనిషి. జీవితమంతా కొంగు అడ్డం పెట్టుకుని దగ్గిన మనిషి. హాలంతా వినపడేలా ఉమ్మేసింది. కొంత బల్ల మీద పడింది, కొంత ఆ పిల్ల మణికట్టు మీద.

నేను ఆ పిల్ల మొహం వైపే ఎదురుచూశాను. ఒక్క అరుపు, ఒక్క ఛీ కోసం. సెక్యూరిటీ వాడు వచ్చి అమ్మ రెక్క పట్టుకున్నా ఆ క్షణాన నాకు సంతోషంగానే ఉండేది.

ఆ అమ్మాయి కాగితపు రుమాలు ఒకటి లాగింది. మణికట్టు తుడుచుకుంది. అదే రుమాలుతో బల్ల మీద సగం సగం తుడిచి పక్కన పెట్టింది.

"ఫర్వాలేదండీ" అంది అమ్మతో, అదే నవ్వుతో. తర్వాత ఆ తడి మీదే మోచెయ్యి ఆనించుకుని, మా వెనక నంబరు పిలిచింది.